నలభై ఏడో నెంబరు సీసా

హట్‌బే,
లిటిల్ అండమాన్,
ఫిబ్రవరి 11

మా కనకానికి,

చిన్నాన్న రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇరవై ఆరేళ్ళు బోటు ఇంజిన్ పక్కన నిలబడ్డ చెవులివి. స్పీకర్ పెడితే గానీ నాకు వినపడదు. స్పీకర్ పెడితే మీ పిన్నితో పాటు వీధంతా వింటుంది. ఇది ఎవరూ వినకూడని సంగతి. అందుకే రేపటి షిప్పులో పోర్ట్‌బ్లెయిర్ వస్తున్న మా జెట్టీ గోవిందు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు హిందీ బడికి పోతుంటే పట్టుబట్టి తెలుగు అక్షరాలు దిద్దించాను, ఇన్నాళ్ళకి అవి నా అవసరానికే వచ్చాయి.

పోయిన వారం నువ్వు పనిచేసే ల్యాబు వాళ్ళు ఇక్కడ క్యాంపు పెట్టారు. రెండు వారాలకి మించి దగ్గున్న వాళ్ళంతా రావాలన్నారు. నా దగ్గు సంగతి నర్సు లక్ష్మీకుమారికి తెలుసు, ఇంటికొచ్చి మరీ పిలిచింది. వెళ్ళాను. ఛాతీకి ఎక్స్‌రే తీశారు, కఫం పట్టారు. అంతవరకు అర్థమయింది. ముందురోజు సాయంత్రమే ఒక సీసా ఇచ్చి, తెల్లారి లేవగానే వచ్చే మూత్రం ఇంటి దగ్గర పట్టి తెమ్మన్నారు. దగ్గుకి మూత్రం ఎందుకు? అదే అడిగాను. "అంకుల్, టీబీ కోసం నయా టెస్ట్. టెన్షన్ మత్ లో" అన్నాడు మీవాడు. టెన్షన్ వద్దన్నాక రానిదెవరికి?

జెట్టీలో కన్నారావు ఏమంటున్నాడో తెలుసా? టీబీ పేరు చెప్పి, బోట్లు నడిపేవాళ్ళలో ఎవరు తాగుతున్నారో పట్టుకుంటున్నారట. నేను మానేసి రెండేళ్ళయింది, అయినా మందు గుణం ఒంట్లో ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు? ఏప్రిల్‌లో నా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయాలి. అది రాకపోతే నన్ను బోటెక్కనివ్వరు.

నా సీసా నెంబరు 47. అందులో ఏం తేలిందో చూసి నాకొక్కడికే రాయి. పిన్నికి తెలియనివ్వకు.

చిన్నాన్న
నూకన్న


బాంబూఫ్లాట్,
ఫిబ్రవరి 23

చిన్నాన్నకి నమస్కారాలు.

నువ్వు చేసిన పని బాగాలేదు. ఆ నెంబరు నాకు చెప్పకూడదు. మా ల్యాబుకి సీసాలు నెంబర్లతోనే వస్తాయి, పేర్లు రావు. ఏ సీసా ఎవరిదో మాకు తెలియకూడదని కదా అంత కట్టుదిట్టం. ఇప్పుడు నాకు ఒకటి తెలిసిపోయింది.

జెట్టీలో వాళ్ళకి ఇలా చెప్పు. ఎవరు తాగారో మేం చూడటం లేదు, ఆ పరీక్షే లేదు. మా దగ్గరికి కొత్తగా ఒక పట్టీ వచ్చింది. మూత్రం చుక్కలు వేస్తే, టీబీ ఉన్నవాళ్ళకి దానిమీద గీత పడుతుందని తయారుచేసినవాళ్ళు అంటున్నారు. అది నిజమా, ఎంతవరకు నిజం? అదే మా పని. కఫాన్ని ల్యాబులో ఉంచి క్రిమి పెరుగుతుందేమో చూస్తాం. దానికి ఎనిమిది వారాలు పట్టొచ్చు, కానీ ఆ మాట గట్టిది. చివరికి ఆ మాటనీ పట్టీ మాటనీ పక్కపక్కన పెడతాం. జబ్బున్న ఎంతమందిని పట్టీ పట్టుకుంది, ఎంతమందిని వదిలేసింది, ఏ జబ్బూ లేని ఎంతమంది మీద నింద వేసింది అని తేలుస్తాం. అంతదాకా గీత పడిందా లేదా అన్నది ఎవరికీ చెప్పకూడదు. ఇంకా రుజువు కాని పరీక్షని నమ్మి ఒకరికి మందివ్వడమూ తప్పే, ఇవ్వకపోవడమూ తప్పే.

పట్టీని ఇద్దరం చూస్తాం, నేనూ స్వాతీ. ఒకరు రాసింది ఇంకొకరికి చూపించం. ఆ కాగితాలన్నీ గోపినాథ్ సార్ దగ్గర ఉంటాయి. ఈ పనంతా నడిపేది ఆయనే.

కాబట్టి నేను చూడను, చెప్పను. నీ కఫం ఫలితం లక్ష్మీకుమారి దీదీయే చెబుతుంది.

అది సరే గానీ, ఈమధ్య బరువేమైనా తగ్గావా? సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? నడుం నొప్పి, మూత్రంలో మంట లాంటివి ఉన్నాయా? పిన్ని ఎలా ఉంది?

కనకం


హట్‌బే,
మార్చి 6

కనకానికి,

చూడను, చెప్పను అంటూనే బరువు తగ్గావా, మంట ఉందా అని ఎందుకడిగావు? నేను వచ్చింది దగ్గుతో. దగ్గు గురించి ఒక్క మాట అడగలేదు నువ్వు. ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని తెలిసినవాడే ఫలానా చోట శబ్దం వస్తోందా అని అడుగుతాడు. ఊరికే అడిగేవాడు బోటు బాగుందా అంటాడు. నువ్వు చూశావు. చూసి దాస్తున్నావు.

కఫంలో ఏమీ లేదని లక్ష్మీకుమారి చెప్పింది. మిషన్ మీద పెట్టి చూశారట, ఇంకా ఏదో పెంచుతున్నారట గానీ అదీ ఇలాగే వస్తుందంది. ఎక్స్‌రే శుభ్రం. "బీడీ ఛోడో భయ్యా, అదే నీ జబ్బు" అని తిట్టింది. మానేశాను. దగ్గు సగం తగ్గింది. బరువు తగ్గలేదు, ఏ మంటా లేదు. రాయిలా ఉన్నాను.

ఒకటి రెండు సంగతులు ఊరికే అడుగుతున్నాను. షుగర్ ఉన్నవాళ్ళది పోస్తే ఆ పట్టీ మీద గీత పడుతుందా? ఆడవాళ్ళకి ఒకలాగా మగవాళ్ళకి ఒకలాగా చూపిస్తుందా? సీసా చూసి వయసు చెప్పగలరా? ఇక్కడ జెట్టీలో వాళ్ళు అడుగుతుంటే రాస్తున్నాను.

పిన్ని బాగానే ఉంది. గ్యాస్ అంటుంది, అన్నం సరిగా తినడం లేదు. ఎండలు కదా.

చిన్నాన్న


బాంబూఫ్లాట్,
మార్చి 19

చిన్నాన్నకి,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఇక్కడ నా పరిస్థితే బాగాలేక జవాబు ఆలస్యమైంది.

సోమవారం గోపినాథ్ సార్ నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచారు. "కఫంలో ఇప్పటిదాకా ఏమీ కనపడని తొమ్మిది మందికి మీరు గీత ఉందని రాశారు. స్వాతి ఐదుగురికే రాసింది. లేని గీత మీకు కనపడుతోందేమో చూసుకోండి" అన్నారు. ఆ పట్టీల మీద గీత వెంట్రుకంత ఉంటుంది చిన్నాన్నా. కిటికీ వెలుగులో కనపడుతుంది, ట్యూబ్‌లైట్ కింద కనపడదు. "నేను చూసిందే రాశాను సార్" అన్నాను. "అందరూ అలాగే అంటారు" అని నా నోటు పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. దేనికో చెప్పలేదు. మర్నాడు స్వాతి నా మొహం చూడలేదు. పట్టీకి మంచిపేరు రావాలని ఆయన నా రాతలు దిద్దేస్తారేమోనని నా అనుమానం. లేదా తప్పంతా నా కళ్ళ మీదికి తోస్తారు. ఫెర్రీలో ఇంటికి వస్తూ రోజూ ఇదే ఆలోచన.

ఇక నీ ప్రశ్నలు. జెట్టీలో వాళ్ళకి ఆడ, మగ, షుగర్ అని అంత వివరంగా అడగాలని ఎందుకు తోచిందో నాకు అర్థం కాలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నేనూ ఒకటి అడుగుతాను. నీకు షుగర్ ఎప్పటినుంచి?

కనకం


హట్‌బే,
మార్చి 30

ల్యాబు కనకలక్ష్మి గారికి,

నాకు షుగర్ లేదు. మా వంశంలో లేదు. మీ నాన్నకీ లేదు. నీ పట్టీ ఉందంటే నీ పట్టీ అబద్ధం, లేదా సీసాలు మీ దగ్గర తారుమారయ్యాయి. ఐస్‌ పెట్టెలో షిప్పెక్కించి తీసుకుపోయిన సీసాలు ఎన్నిసార్లు దొర్లాయో ఎవరు చూశారు? మీ పెద్దసారే నీ కళ్ళని నమ్మడం లేదని నువ్వే రాశావు. ఇక నేనెందుకు నమ్మాలి?

జెట్టీలో అందరికీ చెప్పేశాను. ఒకరి సీసా ఇంకొకరికి అంటగట్టే చోట ఏ పరీక్షా చేయించుకోవద్దన్నాను. రెండో విడత క్యాంపుకి పేరిచ్చిన గోవిందు కూడా పేరు తీయించుకున్నాడు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగావంటే మీ ఆఫీసుకే అర్జీ పెడతాను. అన్న కూతురివని చూడను.

పిన్నిని అడిగినట్టు చెప్పాను.

నూకన్న


బాంబూఫ్లాట్,
ఏప్రిల్ 4

చిన్నాన్నా,

ఈ ఉత్తరం చదివి ఇంజిన్ గదిలో దాచకు. చదివిన వెంటనే లేచి వంటింట్లోకి వెళ్ళు.

ఈ వారంలో మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నువ్వే ఎత్తి "పడుకుంది" అన్నావు. పట్టపగలు పదకొండు గంటలకి పిన్ని పడుకోవడం నేనెప్పుడూ ఎరగను.

కొత్త పట్టీ సంగతి నేను రాయను. కానీ వచ్చిన ప్రతి సీసాకీ అన్ని ఆసుపత్రుల్లో చేసే మామూలు పరీక్ష కూడా చేస్తాం, చక్కెర ఉందా, రక్తం ఉందా అని. 47లో చక్కెర ముదురు రంగులో తేలింది. రక్తం జాడ కూడా ఉంది. క్యాంపులో 47 నెంబరు వేసి నింపిన కాగితంలో షుగర్ లేదని ఉంది. నీకు లేదని నువ్వే ఒట్టు పెట్టుకున్నంత పని చేశావు. మీ ఇంట్లో షుగర్ ఒక్కరికే ఉంది.

ఆ సీసాలో ఉన్నది పిన్నిది. అవునో కాదో నాకు రాయొద్దు. పిన్నిని తీసుకుని మొదట దొరికిన షిప్పుకి రా. బుధవారం లోపు మీరు బయలుదేరినట్టు తెలియకపోతే లక్ష్మీకుమారి దీదీని మీ ఇంటికి పంపిస్తాను. అర్జీ పెట్టుకో. నేను వద్దనను.

కనకం


హట్‌బే,
ఏప్రిల్ 7

కనకం తల్లికి,

శుక్రవారం షిప్పుకి టికెట్లు దొరికాయి. ఈ ఉత్తరం మాకంటే ముందు బయలుదేరుతోంది. ఎదురుగా కూర్చుంటే నేను ఇదంతా చెప్పలేను, అందుకని రాస్తున్నాను.

ఆ సీసా నింపింది నేను కాదు. కన్నారావు మాటలు విని భయపడ్డాను. నాలో ఏదైనా పట్టుకుంటే సర్టిఫికెట్ పోతుంది, బోటు పోతుంది. పిన్ని తాగదు, దగ్గదు, ఆమెది ఇస్తే ఏమీ తేలదు అనుకున్నాను. "నీ షుగర్ చూస్తారట, ఇందులో పట్టు" అని తెల్లారకముందే లేపి ఇచ్చాను. తలుపు బయట నిలబడి "ఎంతసేపు, తొందరగా" అని కసిరాను కూడా.

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళాను. పీట మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉంది.

"ఆ రోజు నీ దగ్గర సీసా పట్టించాను చూడు, అది షుగర్ కోసం కాదు గవరా" అన్నాను.

"తెల్సు. సుగరుకి ఏలు గుచ్చుతారు గానీ సీసా ఇత్తారేటి? నానంత ఎర్రిదాన్నేటి?"

"మరెందుకిచ్చావు?"

"నువ్వు బయపడి సస్తన్నావని ఇచ్చినాను."

ఆ తరువాత నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటీ అడిగాను. మంట ఆరు నెలలుగా ఉందట. నడుం కుడిపక్క పోటు. జాకెట్లు వదులైతే రెండుసార్లు కుట్లు వేసుకుని బిగించుకుందట. ఆ మంటలోనే ఆ సీసా నింపింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని బయటికొచ్చి నా చేతికిచ్చింది, నేను మొహం చూడలేదు, సీసా చూసుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదే?" అని గట్టిగా అరిచాను.

"సెప్తే పోర్ట్‌బ్లెయిర్ అంటావు, సెలవంటావు. నీ సర్టిఫికెట్టు అయిపోనీ అనుకున్నాను" అంది.

నేను సర్టిఫికెట్ కోసం దాచాను. ఆమె కూడా దానికోసమే దాచింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆమె మంచం మీదే ఉంది, మాట్లాడితే నీకు తెలిసిపోతుందని నేనే ఇవ్వలేదు. ఇన్ని రోజులు నీ మీద కోపం తెచ్చుకోవడానికి చాలా కష్టపడ్డాను కనకం.

చాథమ్ జెట్టీ నుంచి బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కే దగ్గర నువ్వు ఉంటే బాగుంటుంది. ఆమె ఎక్కువ దూరం నడవలేకపోతోంది.

చిన్నాన్న


బాంబూఫ్లాట్,
జులై 20

చిన్నాన్నకి, పిన్నికి నమస్కారాలు.

మీరు ఇక్కడున్న ఐదు వారాలూ ఒక సంగతి ఎదురుగా చెప్పలేకపోయాను. నువ్వు ఉత్తరంలో చెప్పుకున్నట్టే నేనూ చెప్పుకుంటాను.

"నేను చూడను" అని రాసిన రోజే నా నోటు పుస్తకం తీసి 47 చూశాను. గీత ఉంది. సన్నగా ఉంది, కానీ ఉంది. నీకే జబ్బనుకున్నాను. అందుకే బరువు, మంట అని అడిగాను. నీ కఫం శుభ్రమని రాగానే, పట్టీయే అబద్ధం చెప్పిందనుకుని నాలుగు రోజులు హాయిగా నిద్రపోయాను. షుగర్ పరీక్ష చూడాలని తట్టింది నీ వింత ప్రశ్నల తరువాతే. అదేదో మొదటి రోజే చూసి ఉంటే పిన్నికి నెల ముందు మందు పడేది.

పిన్నికి మూత్రపిండంలో టీబీ అని డాక్టరు గారు నిర్ధారించి, మందులు మొదలుపెట్టిన రోజు సాయంత్రమే గోపినాథ్ సార్ గదికి వెళ్ళాను. సీసా మారిన సంగతి, నెంబరు నాకు ముందే తెలిసిన సంగతి, పుస్తకం తెరిచిన సంగతి, అన్నీ చెప్పాను. "మీ బాబాయి చేసింది భయంతో. మీరు చేసింది తెలిసి" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను పట్టీలు చూసే పని నుంచి తీసేశారు. ఇప్పుడు సీసాలు కడిగి, ఐస్‌ పెట్టెలు సర్దుతున్నాను. న్యాయమే.

నేను ఆయన్ని అనుమానించాను కదా. తాళం వేసిన నా పుస్తకంలో ఒక్క అక్షరం దిద్దలేదు. నేనూ స్వాతీ విభేదించిన పట్టీల ఫోటోలన్నీ మా ఇద్దరి పేర్లు తెలియని మూడో మనిషికి పంపించారట. మా ముగ్గురిలో ఎవరి మాటా చెడగొట్టకుండా అలాగే ఉంచారు. కఫం పెంచిన ఫలితాలు అన్ని క్యాంపులవీ కలిపి మే నెలాఖరుకి వచ్చాయి. నేను గీత ఉందన్న ఆ తొమ్మిదిలో 47 పోగా ఎనిమిది. వాటిలో ఇద్దరి కఫంలో క్రిమి ఆలస్యంగా పెరిగింది. ఆ ఇద్దరికీ ఇప్పుడు మందులు ఇస్తున్నారు. మిగతా ఆరుగురి దగ్గర ఏమీ దొరకలేదు. పట్టీ తప్పో, నా కళ్ళ తప్పో, పిన్నిలాగా ఊపిరితిత్తుల్లో కాక ఇంకెక్కడైనా జబ్బు దాగుందో తేలలేదు. వాళ్ళని మళ్ళీ పిలిచి చూస్తున్నారు.

47ని మాత్రం కొట్టేశారు. కొట్టేయక తప్పదు, ఆ పేరుకీ ఆ మూత్రానికీ సంబంధం లేదు. పట్టీ చెప్పిన ఆ ఒక్క నిజం ఏ లెక్కలోకీ రాదు. "దీన్ని వదిలేస్తే పట్టీకి అన్యాయం కదా సార్" అని స్వాతి అడిగింది. "కలిపితే చదివేవాళ్ళకి అన్యాయం" అన్నారాయన. చివరి కాగితంలో ఒక వాక్యం ఉంటుందట: ఒక నమూనా ఇచ్చిన మనిషిది కాదని తేలినందున తొలగించబడినది. పిన్ని గురించి ప్రపంచానికి తెలిసేది అంతే.

మూత్రం ఎర్రగా వస్తోందని పిన్ని భయపడుతోందట, అది మాత్రల రంగు. ఒక్క రోజు కూడా మానకూడదు.

కనకం


హట్‌బే,
ఆగస్టు 14

కనకానికి,

నీ ఉత్తరం చేరింది. నువ్వు ముందే చూసి దాచావన్న ముక్క దగ్గర ఆగాను. కోపం రావాలి, రాలేదు. ఎవరి మీద పడను?

పిన్ని నాలుగు కిలోలు పెరిగింది. మంట పూర్తిగా పోయింది. మొన్న సంతకి నడిచి వెళ్ళి, సూర చేపలు బేరమాడి తెచ్చింది. నా సర్టిఫికెట్ ఏప్రిల్‌లో గడువు దాటిపోయి జులైలో వచ్చింది. డాక్టరు చెవులకి ఏదో రాశాడు గానీ బోటెక్కనిచ్చాడు. తాగుడు సంగతి ఎవరూ అడగనే లేదు.

మీవాళ్ళ రెండో క్యాంపు అయింది. జెట్టీలో అందరినీ నిలబెట్టి నేను చేసింది చెప్పాను. కన్నారావు నవ్వాడు. గోవిందు నవ్వలేదు, వెళ్ళి పేరిచ్చాడు. వాడితో పాటు ఇంకో ముగ్గురు. నా మాట విని మానేసినవాళ్ళు ఏడుగురు కనకం, తిరిగి వచ్చినవాళ్ళు నలుగురే. మిగతా ముగ్గురి ఇళ్ళకీ ఆదివారాలు వెళ్తున్నాను. నన్ను చూసి తలుపు దగ్గరగా వేసుకుంటున్నారు.

ఇంట్లో సంగతి కూడా దాచకుండా రాస్తాను. పిన్ని నా మీద అరవలేదు, ఇప్పటికీ అరవదు. కానీ నేను చెప్పింది ఏదీ నమ్మదు. ఈ మాత్ర పొద్దున్న, ఇది రాత్రికి అంటే తల ఊపి, లక్ష్మీకుమారి దగ్గరికి పోయి మళ్ళీ అడుగుతుంది. తాగేందుకు గ్లాసుతో నీళ్ళిచ్చినా ఒకసారి నా మొహం చూసి తాగుతుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ చూపు నేనెరగను. "ఇంకా ఎన్నాళ్ళే?" అని ఒకరోజు అడిగాను. "నాకేటి తెల్సు? నువ్వు అబద్ధమాడినప్పుడు కూడా నీ మొకం ఇలాగే ఉండీది" అంది.

నీ ఉత్తరాలు కూడా ఇకమీదట తన పేరునే రాయమంది. ఈ ఉత్తరం నేను రాశాక, ఒక్క ముక్క వదలకుండా ఇంకొకరి చేత చదివించుకుంటే గానీ అంటించనివ్వనంది. లక్ష్మీకుమారి డ్యూటీ అయ్యాక వచ్చి, చాపమీద కూర్చుని చదువుతానంది. ఆమె కోసమే చూస్తున్నాం. కింద కొంచెం చోటు వదిలాను.

చిన్నాన్న
నూకన్న

కనకం, నేను లక్ష్మీకుమారిని. మీ పిన్ని చెబుతుంటే రాస్తున్నాను:

అమ్మా కనకం, మొదటినుంచి ఆకరి దాకా ఇన్నాను. ఇందులో ఉన్నది నిజమే.

గవరమ్మ, వేలిముద్ర